ఐస్‌లాండ్: నేల, జనం, పాలన గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా చెల్లెలు ఉద్యోగం వచ్చి రేక్యావిక్ వెళ్లిన దగ్గర్నుంచి చుట్టాలూ స్నేహితులూ ఆ దేశం గురించి అడుగుతూనే ఉన్నారు. నేను వాళ్లింట్లో రెండు నెలలు ఉండి వచ్చాక అవి ఇంకా ఎక్కువయ్యాయి. మా పెద్దమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "అసలు అక్కడ మనుషులుంటారా?" అని. పిల్లలు అడిగేవి వేరు, వీసా పనిమీద ఉన్నవాళ్లు అడిగేవి వేరు. అందరికీ పనికొస్తుందని ఒకచోట రాస్తున్నాను. నాకు బాగా ఇష్టమైన విషయాల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాను.

ఐస్‌లాండ్ ఎక్కడుంది? ఎంత ఉంటుంది?

ఉత్తర అట్లాంటిక్ సముద్రంలో, నార్వేకీ గ్రీన్‌లాండ్‌కీ మధ్య. విస్తీర్ణం దాదాపు 1,03,000 చదరపు కిలోమీటర్లు. అంటే తెలంగాణ కంటే కొంచెం చిన్నది. జనాభా మాత్రం నాలుగు లక్షల లోపే. ఒక్క వరంగల్ నగరంలోనే అంతకంటే ఎక్కువమంది ఉంటారు. ఆ కాస్తమందిలోనూ ముగ్గురిలో ఇద్దరు రాజధాని రేక్యావిక్‌లోనో, దాన్ని ఆనుకున్న ఊళ్లలోనో ఉంటారు. మిగతావాళ్లవి తీరం వెంబడి చిన్నచిన్న ఊళ్లు. దేశం నడిమి భాగం రాళ్లు, నల్ల ఇసుక, మంచు. అక్కడ ఊళ్లే లేవు. దేశాన్ని చుట్టివచ్చే ఒకటో నంబరు రోడ్డు 1,300 కిలోమీటర్ల పైచిలుకు. అది పూర్తిగా కలిసింది 1974లో. రైళ్లు లేవు.

పేరులోనే ఐస్ ఉంది. అంత చలిగా ఉంటుందా?

అనుకున్నంత ఉండదు. సముద్రంలో దక్షిణం నుంచి వచ్చే వేడి ప్రవాహం ఈ దీవిని కాపాడుతుంది. రేక్యావిక్‌లో జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది. మన హిమాలయాల్లోని చాలా ఊళ్లు అంతకంటే చలిగా ఉంటాయి. కానీ వేసవి కూడా వేసవిలా ఉండదు. జూలైలో సగటు 11, 12 డిగ్రీలు. ఇబ్బంది పెట్టేది చలి కాదు, గాలి. కారు తలుపు తీసేటప్పుడు రెండు చేతులతో పట్టుకోవాలని మా చెల్లెలు మొదటిరోజే చెప్పింది. గాలికి తలుపు వెనక్కి వంగిపోయి రిపేరుకు వెళ్లే కార్లు అక్కడ మామూలే.

డిసెంబరు మూడో వారంలో పగలు నాలుగు గంటలే. పదకొండున్నరకు సూర్యుడు లేచి మూడున్నరకు వాలిపోతాడు. జూన్‌లో దీనికి తలకిందులు. అర్ధరాత్రి కూడా పేపరు చదువుకోవచ్చు. కిటికీలకు మందపాటి నల్ల కర్టెన్లు లేకపోతే పిల్లలు నిద్రపోరు. వాయవ్యాన కొండల మధ్య ఇరుక్కున్న ఇసాఫ్యోర్దుర్ లాంటి ఊళ్లకు చలికాలంలో రెండు నెలలు అసలు ఎండే రాదు. జనవరి చివర్లో కొండ మీదుగా మొదటి కిరణం పడినప్పుడు ఇంటింటా పల్చని అట్లు పోసుకుని, కాఫీ పెట్టుకుని సంబరం చేసుకుంటారు. సంక్రాంతి వెళ్లిన కొద్దిరోజులకే ఇంకో దేశంలో సూర్యుడి కోసం అట్లు పోస్తారని తెలిసి మా అమ్మ ఎంత మురిసిపోయిందో.

అగ్నిపర్వతాలు పేలుతూ ఉంటే ఆ నేల మీద ఎలా బతుకుతారు?

నన్ను అందరికంటే ఎక్కువగా అడిగింది ఇదే. జవాబు కూడా పెద్దదే.

భూమి పైపొర పెద్దపెద్ద పలకలుగా ఉంటుంది కదా, వాటిలో ఉత్తర అమెరికా పలక, యురేషియా పలక విడిపోయే గీత ఈ దేశం మధ్యలోంచి పోతుంది. ఏడాదికి దాదాపు 2 సెంటీమీటర్ల చొప్పున అవి దూరం జరుగుతున్నాయి. ఆ సందులోంచి లోపలి నిప్పు పైకి వస్తుంది. అసలు ఈ దీవి పుట్టిందే అలా. 1963లో దక్షిణ తీరానికి దూరంగా సముద్రంలో నీళ్లు మరిగి, పొగ లేచి, చూస్తుండగానే సుర్ట్‌సే అనే కొత్త దీవి తేలింది.

వాళ్ల చరిత్రలో అన్నిటికంటే ఘోరం 1783లో జరిగింది. లాకి అనే చోట నేల పొడవునా చీలి ఎనిమిది నెలలు లావా కక్కింది. లావా కంటే దాని విషవాయువులు ఎక్కువ నాశనం చేశాయి. గడ్డి మీద విషం పడింది. గొర్రెల్లో ఎక్కువ భాగం చచ్చిపోయాయి. తర్వాత కరువు. మొత్తం జనంలో దాదాపు ఐదోవంతు పోయారు. మిగిలినవాళ్లందరినీ డెన్మార్క్‌కు తరలిద్దామా అనే మాట కూడా అప్పట్లో వచ్చిందని చెబుతారు.

1973 జనవరి 23 సంగతి నన్ను చాలా కదిలించింది. దక్షిణాన హేమే అనే చిన్న దీవి ఉంది. అప్పటికి అక్కడ దాదాపు 5,300 మంది ఉండేవారు. అందరూ చేపల వేట మీద బతికేవాళ్లే. తెల్లవారుజామున రెండు గంటలప్పుడు ఊరి పక్కనే నేల చీలింది. ముందురోజు తుఫాను వల్ల పడవలన్నీ రేవులోనే ఆగిపోయాయి. ఆ తుఫానే వాళ్లను బతికించింది. జనం రాత్రి బట్టలతోనే పిల్లల్ని ఎత్తుకుని రేవుకు నడిచారు. కొన్ని గంటల్లో దాదాపు ఊరంతా పడవలెక్కి సముద్రం దాటింది. తర్వాత లావా రేవు నోటికి అడ్డంగా పాకడం మొదలెట్టింది. రేవు పోతే ఊరికి బతుకు లేదు. అప్పుడు పంపులు పెట్టి సముద్రపు నీళ్లు లావా మీద నెలల తరబడి కొట్టారు. లావా చల్లబడి గట్టిపడి అక్కడే ఆగింది. దాదాపు 400 ఇళ్లు పోయాయి, రేవు మాత్రం దక్కింది. అంతకు ముందుకంటే గాలివానకు ఇంకా మంచి చాటు దొరికింది. వెళ్లినవాళ్లలో చాలామంది తిరిగొచ్చి బూడిద పారలతో ఎత్తిపోసుకుని మళ్లీ కాపురాలు పెట్టారు. ఆరని లావాలోంచి వచ్చే వేడినే గొట్టాల్లో పట్టి కొన్నేళ్లు ఇళ్లు వెచ్చగా ఉంచుకున్నారు కూడా.

ఇటీవలి కథ గ్రిందవిక్‌ది. అదీ చేపల ఊరే, నాలుగు వేల లోపు జనం. 2023 నవంబరు 10 రాత్రి వరసగా భూకంపాలు వస్తుంటే ఊరు మొత్తం ఖాళీ చేయించారు. 2024 జనవరి 14న లావా ఊరి అంచుకు వచ్చి మూడు ఇళ్లు కాలిపోయాయి. ఆ పక్కనే ఉన్న విద్యుత్ కేంద్రం చుట్టూ ముందే ఎత్తైన మట్టికట్టలు పోశారు. ఇళ్లు వదులుకోవాల్సి వచ్చినవాళ్ల దగ్గర ప్రభుత్వం ఒక కంపెనీ పెట్టి ఆ ఇళ్లు కొనేసింది. డబ్బు వచ్చింది సరే, పుట్టిన ఊరు ఎవరిస్తారని ఒక గ్రిందవిక్ పెద్దాయన మా చెల్లెలితో అన్నారట.

2010 ఏప్రిల్‌లో విమానాలు ఆగిపోవడం చాలామందికి గుర్తుంటుంది. ఎయాఫ్యాట్లయోకుల్ అనే మంచుకొండ కింది అగ్నిపర్వతం చిమ్మిన బూడిద వల్ల యూరప్ ఆకాశం దాదాపు ఆరు రోజులు మూతపడింది. ఆ పేరు పలకడం నేర్చుకోవడానికి నాకు వారం పట్టింది.

వేడినీళ్లు భూమిలోంచి నేరుగా ఇళ్లకు వస్తాయంటారు, నిజమేనా?

నిజమే. పదింట తొమ్మిది ఇళ్లు భూగర్భ వేడితోనే వెచ్చగా ఉంటాయి. లోతైన బోర్ల నుంచి వేడినీళ్లు పెద్ద గొట్టాల్లో ఊళ్లకు వస్తాయి. మొదటిరోజు స్నానానికి వెళ్లి కుళాయి తిప్పగానే గుప్పున ఉడికిన కోడిగుడ్డు వాసన. డ్రైనేజీ సమస్యేమో అనుకుని మా చెల్లెల్ని పిలిచాను. "గంధకం అక్కా, రెండు రోజుల్లో అలవాటైపోతుంది" అంది. అలాగే అయింది. చన్నీళ్ల కుళాయి వేరే లైను, దానికి ఏ వాసనా ఉండదు. ఆ నీళ్లు నేరుగా తాగొచ్చు, సీసా కొనక్కర్లేదు. స్నానమయ్యాక వెండి ఉంగరం నల్లబడిందని కంగారుపడకండి, అదీ గంధకం పనే.

కరెంటు దాదాపు మొత్తం నదుల మీది జలవిద్యుత్తు, భూగర్భ ఆవిరి నుంచే. ఆ కరెంటులో సగానికి పైగా అల్యూమినియం ఫ్యాక్టరీలకు పోతుంది. నదులకు ఆనకట్టలు కట్టి కొండలోయలు ముంచి ఇలా ఇవ్వడం సబబేనా అని అక్కడ గట్టి చర్చే నడుస్తోంది. భూగర్భ వేడితోనే గ్లాస్‌హౌస్‌లలో టమాటాలు, దోసకాయలు పండిస్తారు. బయట మంచు కురుస్తుంటే లోపల టమాటా తీగలు. ఎరువుల వాసన, తేమ, వెలుగు, తేనెటీగల చప్పుడు. ఒక్క నిమిషం మన తోటలో ఉన్నట్టే అనిపించింది.

మంచు కరిగిపోతోందా?

కరుగుతోంది. దేశంలో దాదాపు పదోవంతు హిమానీనదాల కిందే, అంటే ఏళ్ల తరబడి పేరుకుని మెల్లగా కదిలే మంచు కిందే ఉంది. అందులో వత్నాయోకుల్ ఒక్కటే దేశంలో సుమారు ఎనిమిది శాతం. ఓక్ అనే చిన్న హిమానీనదం బాగా పల్చబడిపోయి, కదలడమే ఆగిపోవడంతో, 2014లో దాన్ని హిమానీనదాల లెక్కలోంచి తీసేశారు. 2019లో ఆ కొండెక్కి దాని పేరు మీద ఒక ఫలకం పెట్టి వచ్చారు. మనిషి పోతే చేసినట్టు.

మొదట అక్కడికి వెళ్లిందెవరు?

తొమ్మిదో శతాబ్దం చివర్లో నార్వే వైపు నుంచి పడవల మీద వచ్చినవాళ్లు. మొదట స్థిరపడిన వ్యక్తిగా ఇంగోల్ఫుర్ ఆర్నార్సన్ పేరు చెబుతారు, సంవత్సరం 874. నేలలోంచి ఆవిరి లేస్తుంటే చూసి ఆ చోటికి రేక్యావిక్ అని పేరు పెట్టారు. పొగల అఖాతం అని దాని అర్థం. ఐర్లండ్, స్కాట్లండ్ తీరాల నుంచి తెచ్చిన ఆడవాళ్లు, బానిసలు కూడా వాళ్లలో ఉన్నారు. వాళ్ల ఊసు లేకుండా వీరుల కథలు చెప్పుకోవడం నాకు నచ్చదు. వచ్చినప్పుడు ఆ దీవిలో నాలుగోవంతుకు పైగా పొట్టి అడవులుండేవి. కట్టెల కోసం కొట్టి, గొర్రెలు మేపి, వాటిని దాదాపు లేకుండా చేశారు. ఇప్పుడు మొక్కలు నాటుతూ మెల్లగా తిరిగి పెంచుతున్నారు.

ప్రపంచంలోకెల్లా పాత పార్లమెంటు వాళ్లదేనా?

930లో మొదలైంది, పేరు ఆల్తింగ్. ఇప్పటికీ ఉన్న జాతీయ సభల్లో ఇదే పాతదని అంటారు. మధ్యలో 1800 నుంచి 1845 దాకా డెన్మార్క్ రాజు దాన్ని మూసేశాడు కాబట్టి ఏకధాటిగా నడిచిందని మాత్రం అనకూడదు.

ఆ రోజుల్లో రాజు లేడు, కోట లేదు, భటులు లేరు. ఏటా వేసవిలో దేశం నలుమూలల నుంచి గుర్రాల మీద థింగ్‌వెల్లిర్ అనే మైదానానికి వచ్చి రెండు వారాలు గుడారాలు వేసుకునేవారు. చట్టాలు రాసిపెట్టే అలవాటు అప్పటికి లేదు. చట్టం చెప్పేవాడు అని ఒకాయన్ని మూడేళ్లకు ఎన్నుకునేవారు. ఆయన ధర్మశిల అనే రాయి మీద నిలబడి ఏడాదికి మూడోవంతు చొప్పున మొత్తం చట్టాన్ని కంఠస్థం నుంచి వినిపించాలి. మన దగ్గర వేదం గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి వచ్చినట్టే, అక్కడ చట్టం వచ్చింది. అక్కడే తగవులు తీర్చేవారు, పెళ్లిసంబంధాలు మాట్లాడుకునేవారు, బేరాలు చేసుకునేవారు. తీర్పు అమలు చేయడానికి ప్రభుత్వమంటూ లేకపోవడమే దాని లోటు. గెలిచినవాడే బలం కూడగట్టుకుని అమలు చేసుకోవాలి. చివరికి పెద్ద కుటుంబాలు కొట్టుకుని, 1262 ప్రాంతంలో నార్వే రాజు కిందికి వెళ్లిపోయారు.

1000వ సంవత్సరం నాటి సంగతి ఒకటి తప్పకుండా చెప్పాలి. పాత దేవుళ్లను కొలిచేవాళ్లూ కొత్తగా క్రైస్తవంలోకి వెళ్లినవాళ్లూ కత్తులు దూసుకునే దాకా వచ్చారు. తీర్పును చట్టం చెప్పే థోర్గేర్‌కు వదిలారు. ఆయన పాత మతంవాడు. ఒక పగలూ రాత్రీ కంబళి కప్పుకుని ఎవరితోనూ మాట్లాడకుండా పడుకుని ఆలోచించి, బయటికొచ్చి, చట్టం రెండుగా చీలితే శాంతి కూడా చీలుతుంది, అందరం క్రైస్తవమే తీసుకుందాం అన్నాడు. పాత పూజలు ఇంట్లో చాటుగా చేసుకోవడానికి కొన్నాళ్లు వెసులుబాటు కూడా ఇచ్చారు. తన దేవుళ్లకు వ్యతిరేకంగా తానే తీర్పు చెప్పుకున్న ఆ మనిషి, కంబళి కింద ఆ రాత్రంతా ఎంత టెన్షన్ పడి ఉంటాడో నాకిప్పటికీ తలపుకొస్తుంది.

స్వాతంత్ర్యం ఎప్పుడు వచ్చింది?

నార్వేతో పాటు డెన్మార్క్ చేతికి వెళ్లారు. 1602 నుంచి 1787 దాకా డెన్మార్క్ అనుమతి ఉన్న వర్తకులతో తప్ప వ్యాపారం చేయడానికి వీల్లేదు. పందొమ్మిదో శతాబ్దంలో యోన్ సిగుర్ద్సన్ అనే పండితుడు పాత పత్రాలు తవ్వి, కాగితాలతోనే పోరాడాడు. తుపాకీ పేలలేదు. 1874లో రాజ్యాంగం, 1904లో స్వపరిపాలన, 1918 డిసెంబరు 1న రాజు పేరు కింద సార్వభౌమ దేశం. రెండో ప్రపంచయుద్ధంలో డెన్మార్క్ జర్మనీ చేతిలో పడింది. 1940 మేలో బ్రిటన్ సైన్యం ఐస్‌లాండ్‌లో దిగింది, మరుసటి ఏడాది అమెరికా వచ్చింది. 1944లో జనాభిప్రాయం అడిగితే ఓటర్లలో 98 శాతం వచ్చి ఓటేశారు. దాదాపు అందరూ గణతంత్రమే కావాలన్నారు. జూన్ 17న, యోన్ సిగుర్ద్సన్ పుట్టినరోజున, హోరువానలో థింగ్‌వెల్లిర్ మైదానంలో ప్రకటించారు. డెన్మార్క్ రాజు పంపిన శుభాకాంక్షల టెలిగ్రామ్‌ను ఆ సభలోనే చదివారు.

ఇప్పుడు ప్రభుత్వం ఎలా నడుస్తుంది?

మన పద్ధతికి దగ్గరే. అధికారం పార్లమెంటుకు జవాబు చెప్పే మంత్రివర్గానిది. ఆల్తింగ్‌లో 63 మంది సభ్యులు, ఒకే సభ, నాలుగేళ్లు. ఆరు నియోజకవర్గాలున్నాయి. ఒక్కో దాంట్లోంచి చాలామంది, పార్టీకి వచ్చిన ఓట్ల దామాషాలో గెలుస్తారు. అందువల్ల ఒకే పార్టీకి మెజారిటీ దాదాపు రాదు. ఎప్పుడూ సంకీర్ణమే. రాష్ట్రపతిని మాత్రం జనమే నేరుగా ఎన్నుకుంటారు, అక్కడ మనకు తేడా. 2024 ఆగస్టు నుంచి హల్లా తోమస్దొత్తిర్ రాష్ట్రపతి. 2024 డిసెంబరులో క్రిస్త్రున్ ఫ్రోస్తదొత్తిర్ ప్రధాని అయ్యారు, 36 ఏళ్లకే.

రాష్ట్రపతి చేతిలో ఒక బలమైన అస్త్రం ఉంది. సభ చేసిన చట్టం మీద సంతకం పెట్టకపోతే అది ప్రజల ఓటుకు వెళ్తుంది. 2004 దాకా ఎవరూ దాన్ని వాడలేదు.

కింది స్థాయిలో అరవై చిల్లర స్థానిక సంస్థలున్నాయి. బడులు, పసిపిల్లల కేంద్రాలు, ఈత కొలనులు వాటి బాధ్యత. కోర్టులు మూడంచెలు.

2008లో బ్యాంకులు కూలాయి కదా, ఎలా బయటపడ్డారు?

మూడు పెద్ద బ్యాంకులు విదేశాల్లో అప్పులు తెచ్చి, దేశ వార్షిక ఆదాయానికి దాదాపు పదింతలకు పెరిగాయి. 2008 అక్టోబరులో ఒక్క వారంలో మూడూ కుప్పకూలాయి. కరెన్సీ విలువ సగానికి పడింది. విదేశీ కరెన్సీలో ఇంటి అప్పులు తీసుకున్నవాళ్ల బాకీ రెట్టింపైంది. ఆ చలికాలంలో జనం గిన్నెలు, గరిటెలు పట్టుకుని పార్లమెంటు ముందు వారాల తరబడి మోగించారు. 2009 జనవరిలో ప్రభుత్వం దిగిపోయింది. ఆ తర్వాత ప్రధాని అయిన యోహన్నా సిగుర్దార్దొత్తిర్ ఆ పదవికి వచ్చిన మొదటి మహిళ.

ఇంటర్నెట్ ఖాతాల్లో డబ్బు దాచి నష్టపోయిన బ్రిటన్, నెదర్లాండ్స్ ఖాతాదారుల సొమ్ము దేశం కట్టాలా వద్దా అన్నది పెద్ద తగవు. కడతామని సభ చట్టం చేస్తే రాష్ట్రపతి సంతకం పెట్టలేదు. 2010లో, మళ్లీ 2011లో జనం వద్దని ఓటేశారు. 2013లో యూరప్ స్వేచ్ఛా వాణిజ్య కూటమి కోర్టు కూడా ఐస్‌లాండ్ పక్షానే తీర్పు చెప్పింది. బ్యాంకుల పెద్దలు కొందరు జైలుకు వెళ్లారు.

కొత్త రాజ్యాంగం కూడా రాసుకుందామనుకున్నారు. మామూలు పౌరుల్లోంచి ఎన్నికైన 25 మంది ముసాయిదా రాస్తే, దాన్ని వారం వారం ఇంటర్నెట్‌లో పెట్టి జనం సలహాలు తీసుకున్నారు. 2012 అక్టోబరులో ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతుల మంది అదే పునాదిగా ఉండాలన్నారు. సభ మాత్రం దాన్ని ఇప్పటికీ ఆమోదించలేదు. జనాన్ని అడిగి, జవాబు విని, పక్కన పెట్టడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

సైన్యం లేదట, మరి రక్షణ ఎలా?

సైన్యం లేదు. తీర రక్షక దళం ఉంది, పోలీసులున్నారు. మామూలు గస్తీలో పోలీసుల నడుముకు తుపాకీ ఉండదు. 1949లో నాటో అనే సైనిక కూటమిని మొదలుపెట్టిన 12 దేశాల్లో ఐస్‌లాండ్ ఒకటి. కేఫ్లావిక్‌లో అమెరికా స్థావరం 2006 దాకా నడిచింది.

అయినా బ్రిటన్‌తో మూడుసార్లు తలపడ్డారు. అది కాడ్ చేప కోసం. తమ తీరం దగ్గర వేరే దేశాల పెద్ద ట్రాలర్లు చేపలు ఊడ్చుకుపోతున్నాయని సముద్ర హద్దును పెంచుతూ పోయారు. తీర రక్షక పడవలు బ్రిటన్ ట్రాలర్ల వలల తాళ్లు కోసేసేవి. 1976లో 200 నాటికల్ మైళ్ల హద్దుకు బ్రిటన్ ఒప్పుకుంది.

యూరోపియన్ యూనియన్‌లో చేరకపోవడానికీ ఆ చేపలే పెద్ద కారణం. వేట మీద పెత్తనం యూనియన్ ఆఫీసులుండే బ్రసెల్స్‌కు వెళ్లిపోతుందని వాళ్ల భయం. 1994 నుంచి యూరప్ ఉమ్మడి మార్కెట్‌లో మాత్రం ఉన్నారు.

ఇంటిపేర్లు ఉండవా?

ఎక్కువమందికి ఉండవు. తండ్రి పేరుకు కొడుకైతే 'సన్', కూతురైతే 'దొత్తిర్' చేరుస్తారు. యోన్ కొడుకు యోన్సన్, కూతురు యోన్స్‌దొత్తిర్. తల్లి పేరుతో కూడా పెట్టుకోవచ్చు. ఒకే ఇంట్లో అమ్మ, నాన్న, అబ్బాయి, అమ్మాయి నలుగురికీ నాలుగు చివరిపేర్లు. పెళ్లయినా ఆడవాళ్ల పేరు మారదు. అది ఇంటిపేరు కాదు, తండ్రి గుర్తు మాత్రమే. అందుకే అందరినీ సొంత పేరుతోనే పిలుస్తారు, రాష్ట్రపతిని కూడా. ఫోన్ డైరెక్టరీ సైతం సొంత పేర్ల వరసలోనే ఉండేది. ఇంటిపేరు ముందు రాసుకునే మనకు ఇది వింతగా ఉంటుంది. మా చెల్లెలి కూతురి బడిలో టీచర్‌ను కూడా పిల్లలు పేరు పెట్టే పిలుస్తారంటే మా నాన్నకు నమ్మబుద్ధి కాలేదు.

కొత్త పేరు పెట్టాలంటే దానికో కమిటీ ఉంది. ఆ పేరు వాళ్ల వ్యాకరణంలో విభక్తులకు ఒదగాలి, లేకపోతే ఒప్పుకోరు.

భాష మీద అంత పట్టుదల ఎందుకు?

ఎనిమిది వందల ఏళ్ల కింద దూడ తోలు మీద రాసిన కథలను ఇవాళ్టి బడిపిల్లలు కాస్త సాయంతో చదువుకోగలరు. కొత్త వస్తువు వస్తే కొత్త మాట కడతారు. టెలిఫోన్‌కు 'సీమి', అది పాతకాలంలో దారం అనే మాట. కంప్యూటర్‌కు 'తోల్వా', అంకె అనే మాటనూ సోదెమ్మ అనే మాటనూ కలిపి కట్టింది. అంకెలు చూసి సోదె చెప్పే ఆవిడ! జనం నోళ్లలో నిలబడింది కూడా. మనం ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటాం. వాళ్లు నవంబరు 16న యోనాస్ హాట్‌గ్రిమ్సన్ అనే కవి పుట్టినరోజున చేసుకుంటారు.

ఆ తోలు ప్రతుల్లో చాలా భాగం డెన్మార్క్‌కు చేరిపోయాయి. స్వాతంత్ర్యం వచ్చాక తిరిగి ఇవ్వమని అడుగుతూ వచ్చారు. 1971 ఏప్రిల్ 21న డెన్మార్క్ నౌక ఒకటి మొదటి రెండు ప్రతులతో రేక్యావిక్ రేవుకు వచ్చింది. బడులకు సెలవు ఇచ్చారు. వేలమంది రేవులో నిలబడి ఎదురుచూశారు. నావికులు కాగితంలో చుట్టిన పుస్తకాలను చేతుల్లో మోసుకుంటూ దిగారు. బంగారం కాదు, రాజుగారు కాదు, పుస్తకాలు. ఆ ఫోటో చూసిన ప్రతిసారీ నాకు తంజావూరు సరస్వతీ మహల్‌లో పడి ఉన్న మన తెలుగు తాళపత్రాలు గుర్తొస్తాయి.

ఆడవాళ్లకు అంత సమానత్వం ఎలా వచ్చింది?

అడిగి, ఆగి, తెచ్చుకున్నారు. 1975 అక్టోబరు 24న దేశంలోని ఆడవాళ్లలో పదింట తొమ్మిది మంది ఆఫీసు పనీ ఇంటి పనీ రెండూ ఆపేశారు. బడులు, దుకాణాలు, చేపల ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. మగవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆఫీసులకు వెళ్లారు. మరుసటి ఏడాదే సమానత్వ చట్టం వచ్చింది. 1980లో విగ్దిస్ ఫిన్బొగాదొత్తిర్ గెలిచారు. ప్రజల ఓటుతో దేశాధినేత అయిన మొదటి మహిళ ప్రపంచంలోనే ఆమె. ఒంటరిగా ఒక బిడ్డను దత్తత తీసుకుని పెంచుతున్న తల్లి. పదహారేళ్లు పదవిలో ఉన్నారు. ఇప్పుడు బిడ్డ పుడితే తల్లికీ తండ్రికీ చెరో ఆరు నెలల సెలవు. మా మరిది ఆ సెలవు తీసుకుని పాపకు నీళ్లు పోయడం, ఉగ్గు పెట్టడం నేర్చుకున్నాడు.

సాయంత్రాలు ఏం చేస్తారు?

ఈత కొలనుకు వెళ్తారు. మనకు టీకొట్టు ఎలాగో వాళ్లకు అది అలాగ. ప్రతి ఊళ్లో భూగర్భ వేడినీళ్ల కొలను ఉంటుంది, ఆరుబయటే. పక్కన మెడదాకా కూర్చునే వేడినీళ్ల తొట్లు. పైన మంచు పడుతుంటే అందులో కూర్చుని రాజకీయాలు మాట్లాడతారు. మంత్రి, బస్సు డ్రైవరు ఒకే తొట్టిలో ఉంటారు. బడిలో ఈత తప్పనిసరి. ఒక్క నియమం దగ్గర మాత్రం మనవాళ్లు ఇబ్బంది పడతారు. కొలనులో దిగే ముందు బట్టల్లేకుండా సబ్బుతో స్నానం చేయాలి. ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేరు గదులే, కానీ లోపల తెరలు అంతగా ఉండవు. నీళ్లలో క్లోరిన్ తక్కువ వేస్తారు కాబట్టి ఆ నియమం. నాకు మొదటిరోజు కాళ్లు కదల్లేదు. ఎవరూ ఎవరినీ చూడరని అర్థమయ్యాక భయం పోయింది.

దోమలు లేవట నిజమేనా?

2025 అక్టోబరు దాకా నిజం. అప్పుడు రేక్యావిక్‌కు ఉత్తరాన మొదటిసారి మూడు దోమలు దొరికాయి. జంతువుల్లో మనుషుల కంటే ముందే అక్కడున్నది ఆర్కిటిక్ నక్క ఒక్కటే. గుర్రాలు పొట్టివి, గట్టివి. వెయ్యేళ్లుగా బయటి గుర్రాలను రానివ్వరు. దేశం దాటిన గుర్రాన్ని, అది పోటీలో గెలిచి వచ్చినా, తిరిగి రానివ్వరు, రోగాల భయంతో. గొర్రెలు ఇంచుమించు మనుషులంత మంది. వేసవంతా కొండల్లో విడిచి, సెప్టెంబరులో ఊరంతా కలిసి తోలుకొచ్చి, చెవి గుర్తులు చూసి ఎవరివి వాళ్లు విడదీసుకుంటారు.

మన దేశంతో సంబంధాలున్నాయా? వెళ్లాలంటే ఎలా?

2005లో అబ్దుల్ కలాం రాష్ట్రపతిగా అక్కడికి వెళ్లారు. 2019లో రామ్‌నాథ్ కోవింద్ వెళ్లారు. రెండు దేశాలకూ పరస్పరం రాయబార కార్యాలయాలున్నాయి. ఐస్‌లాండ్, నార్వే, స్విట్జర్లాండ్, లీక్టెన్‌స్టైన్‌లతో మన దేశం చేసుకున్న వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబరు 1 నుంచి అమలైంది.

యూరప్‌లో చాలా దేశాలకు ఒకటే అయిన షెంగెన్ వీసా కావాలి. మన దగ్గర నుంచి నేరుగా విమానం లేదు, యూరప్‌లో మారాలి. టైం మనకంటే ఐదున్నర గంటలు వెనక, ఏడాది పొడవునా అంతే. ఖర్చు ఎక్కువ. పప్పు, చింతపండు, పచ్చడి పట్టుకెళ్తే మంచిది. రాత్రి ఆకాశంలో రంగురంగులుగా మెరిసే ఉత్తర కాంతులు చూడాలంటే సెప్టెంబరు నుంచి మార్చి. కారు నడిపేవాళ్లు రోజూ పొద్దున గాలి, రోడ్డు పరిస్థితి చూసుకునే బయల్దేరండి. రోడ్డు దిగి నాచు మీద బండి నడపడం నేరం, ఆ నాచు మళ్లీ మొలవడానికి దశాబ్దాలు పడుతుంది. రేనిస్‌ఫ్యారా నల్ల ఇసుక తీరంలో అలలకు వీపు పెట్టి ఫోటోలు దిగకండి. అవి చెప్పకుండా వచ్చి లాక్కుపోతాయి, ప్రాణాలు పోయాయి.

ఒక్కరోజే ఉంటే ఎక్కడికి వెళ్లాలి?

థింగ్‌వెల్లిర్‌కు. రేక్యావిక్ నుంచి గంట కూడా పట్టదు. రెండు నల్లరాతి గోడల మధ్య దారి ఉంటుంది. ఆ పెద్ద గోడ ఉత్తర అమెరికా పలక అంచు. కిందికి దిగితే ధర్మశిల ఉండేదని చెప్పే చోట జెండా ఒకటి ఎగురుతుంటుంది. మేం వెళ్లినరోజు ఒక బడి పిల్లలు వచ్చారు. టీచరమ్మ ఒక పిల్లాణ్ణి అక్కడ నిలబెట్టి, మిగతావాళ్లను గడ్డి మైదానం చివరికి పంపింది. వాడు గోడ వైపు తిరిగి గట్టిగా ఏదో అప్పజెప్పాడు. ఆ రాతిగోడకు తగిలి మాట మైదానమంతా పాకింది. చివర నిలబడ్డ పిల్లలు వినిపించిందని చేతులెత్తారు. వాడు దిగాడు, ఇంకో పాప ఎక్కింది.